జన్యువు చేర్చాకే అసలు పని

(తిరుపతిలో బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెటబాలిక్ ఇంజనీరింగ్‌లో పని చేస్తానని చెప్పగానే ఈ ఊళ్లో చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, శేషాచలంలో ఎర్రచందనం కోసం ఇంత స్మగ్లింగ్ జరుగుతోంది కదా, ఆ చెక్కలోని ఎర్ర రంగును ఈస్టు చేత తయారు చేయించలేమా?" మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఈ రంగంలో ఇన్నేళ్లుగా నేను చూసింది, చేసింది చెప్పాలి. ఈ రోజు ఆ ప్రయత్నమే చేస్తాను.

బాక్టీరియా గానీ, ఈస్టు గానీ చక్కెర తిని దాన్ని అంచెలంచెలుగా మారుస్తుంది. ఒక్కో అంచెలో ఆ మార్పు జరిపించే ఒక్కో ఎంజైమ్ ఉంటుంది; దాన్ని తయారు చేసే సూచన జన్యువులో ఉంటుంది. అందులో కొన్ని దారులు మూసి, కొన్ని వెడల్పు చేసి, అవసరమైతే వేరే జీవి ఎంజైమ్‌లు తెచ్చి చేర్చి, మనకు కావలసిన పదార్థం వచ్చేలా చేయడం మా పని. 1991లో జేమ్స్ బెయిలీ రాసిన వ్యాసంతో దీనికి ఒక శాస్త్రంగా గుర్తింపు వచ్చింది. పని మాత్రం అంతకు చాలా ముందు నుంచే సాగుతోంది.

చిత్తూరు వైపు కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా తెలుసు. దాణాలో కలుపుతారు. ప్రపంచం మొత్తం మీద ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారవుతుంది. అదంతా సూక్ష్మజీవుల చలవే, ముఖ్యంగా కొరినెబాక్టీరియం గ్లుటామికం అనే బాక్టీరియాది. 1950ల్లో జపాన్‌లో కినోషితా బృందం దీన్ని గ్లుటామిక్ ఆమ్లం కోసం వెతుకుతూ పట్టుకుంది. మామూలుగా ఈ బాక్టీరియా తనకు సరిపడా లైసిన్ చేసుకుని ఆపేస్తుంది. లైసిన్, త్రియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం రెండూ పేరుకున్నాయంటే, అవే పోయి లైసిన్ తయారీ దారి మొదట్లో ఉండే అస్పార్టోకైనేజ్ అనే ఎంజైమ్‌కు అతుక్కుని దాని పని ఆపేస్తాయి. ఆ ఎంజైమ్‌లో చిన్న మార్పు జరిగి లైసిన్ అతుక్కోలేకపోతే, ఇక బ్రేకు పడదు. కణం తనకు అక్కర్లేకపోయినా లైసిన్ చేస్తూ బయటికి పంపుతూ ఉంటుంది. మొదట్లో ఇలాంటి రకాలను గుడ్డిగా మ్యుటేషన్లు చేసి, లక్షల కాలనీల్లో వెతికి పట్టుకునేవారు. ఇప్పుడు డీఎన్‌ఏలో ఎక్కడ ఏ అక్షరం మార్చాలో తెలుసుకుని మారుస్తున్నాం.

ఇక ఆర్టెమిసినిన్ కథ. మీలో ప్రతి ఒక్కరూ వివరంగా చదవాల్సిన కథ ఇది.

మలేరియాకు ఈ మందు ఆర్టెమిసియా అన్యువా అనే మొక్క నుంచి వస్తుంది. దాన్ని వెలికితీసినందుకే చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మొక్క మీద ఆధారపడితే ఒక ఏడాది సరుకు ఎక్కువై ధర పడిపోతుంది, మరో ఏడాది సరుకే దొరకదు. టమాటా పండించే మన రైతులకు ఈ బాధ నేను చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జే కీస్లింగ్ బృందం ఈ మందుకు ముడిపదార్థాన్ని సూక్ష్మజీవితో చేయించాలనుకుంది. ముందు ఈ.కోలై అనే బాక్టీరియాలో, ఈస్టు నుంచి తెచ్చిన మెవలోనేట్ దారి (ఆ ముడిపదార్థం వైపు నడిపించే ఎంజైమ్‌ల వరస) పెట్టారు. జన్యువులన్నీ సరిగ్గానే చేరాయి, ఎంజైమ్‌లూ తయారయ్యాయి. కానీ కణాలు సరిగా పెరగడం లేదు. ఎందుకని వెతికితే, దారి మధ్యలో వచ్చే హెచ్‌ఎంజీ కో-ఏ అనే పదార్థం కణంలో పేరుకుపోతోంది. దాన్ని తయారు చేసే ఎంజైమ్ చురుగ్గా ఉంది, ముందుకు పంపాల్సిన ఎంజైమ్ అంత వేగం అందుకోలేకపోతోంది. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ముందు కంపార్ట్‌మెంట్ ఖాళీ కాకుండా వెనక గేట్లన్నీ తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. వెనక నుంచి ఇంకా తొయ్యడం దీనికి మందు కాదు. ముందుకు పంపాల్సిన ఆ ఎంజైమ్‌ను, అంటే రిడక్టేజ్‌ను, పెంచితే కణం తేరుకుంది.

నా దృష్టిలో ఈ రంగం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. జన్యువు చేర్చడం ఇప్పుడు ఎమ్మెస్సీ విద్యార్థి కూడా చేయగలడు. ఏ ఎంజైమ్ ఎంత ఉండాలి, ఏది ఎంత వేగంగా నడవాలి అన్న లెక్క కుదిర్చడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఆ తర్వాత వాళ్లు ఈస్టుకు మారారు. 2006లో లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లం (మందుకు కావలసిన ఆ ముడిపదార్థం) వచ్చింది. 2013 నాటికి అది లీటరుకు 25 గ్రాములైంది. అంటే 250 రెట్లు. ఈ పెరుగుదలలో మొక్క నుంచి కొత్తగా కనిపెట్టిన ఎంజైమ్‌ల పాత్ర పెద్దది. అంటే మొక్కల బయోకెమిస్ట్రీ మీద ఎవరో ఓపిగ్గా కూర్చోకపోతే ఈ విజయం లేదు. ఎర్రచందనం ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే. ఆ చెట్టు తన రంగును ఏ మెట్ల మీదుగా చేస్తుందో, ఒక్కో మెట్టులో ఏ ఎంజైమ్ ఉందో చేతికి రావాలి. ఆ చెట్టు సహజంగా పెరిగేది మన కొండల్లోనే. ఆ పని ఇక్కడి ల్యాబుల్లో జరగాలని నాకు గట్టి కోరిక.

సాంకేతికంగా ఇంత గెలిచిన తర్వాత కూడా ఆ మందుకు మార్కెట్లో ఇబ్బంది తప్పలేదు. సనోఫీ అనే మందుల కంపెనీ ఉత్పత్తి మొదలుపెట్టింది గానీ, అదే కాలంలో మొక్క నుంచి వచ్చే ఆర్టెమిసినిన్ ధర బాగా పడిపోయింది. ఫ్యాక్టరీ చేతులు మారింది. దీన్ని ఓటమి అని నేను అనను. అప్పుడు తయారైన పద్ధతులు ఎన్నో పనులకు దారి చూపాయి. కానీ ఏ పదార్థం ఎంచుకోవాలి, కిలో ఎంతకు అమ్ముడుపోతుంది అన్నది మొదటి రోజే ఆలోచించాలి.

ఇంకో చిక్కు ఉంది. పుస్తకాల్లో దీనికి రెండు లైన్లే దొరుకుతాయి, ల్యాబ్‌లో మాత్రం నెలలు తినేస్తుంది. మన కోసం పని చేసే కణం తన శక్తిలో కొంత మనకు ఇస్తుంది కాబట్టి నెమ్మదిగా పెరుగుతుంది. ఏ కణమైనా మనం పెట్టిన ప్లాస్మిడ్‌ను (మన జన్యువులను మోసే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని) పోగొట్టుకుందంటే దానికి బరువు దిగినట్టే, వేగంగా పెరుగుతుంది. ఒక్క కణం లక్ష కోట్ల కణాలు కావడానికి 40 సార్లు రెట్టింపు కావాలి. ఫ్లాస్కు నుంచి పెద్ద ఫెర్మెంటర్‌కు (కణాలను పెంచే ట్యాంకుకు) చేరేలోపు ఈ పోటీకి కావలసినంత సమయం దొరుకుతుంది. ఫెర్మెంటర్ దగ్గర రాత్రంతా కూర్చుని గంట గంటకూ తీసిన శాంపిళ్లను రెండేసి ప్లేట్ల మీద పూస్తాం. ఒకదాంట్లో యాంటీబయాటిక్ ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. ప్లాస్మిడ్ ఉన్న కణాలే ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకుంటాయి. మొదటి శాంపిళ్లలో రెండు ప్లేట్లూ ఒకేలా ఉంటాయి. చివరి శాంపిల్‌లో యాంటీబయాటిక్ లేని ప్లేటు నిండా కాలనీలు, ఉన్న ప్లేటులో అక్కడొకటి ఇక్కడొకటి. ట్యాంకు కళకళలాడుతూనే ఉంటుంది, కణాలు బ్రహ్మాండంగా పెరుగుతుంటాయి, సరుకు మాత్రం రాదు. అలాంటి తెల్లవారుజామున ఉండే టెన్షన్ మాటల్లో చెప్పలేను. అందుకే జన్యువును క్రోమోజోమ్‌లోనే చేర్చడం, పెరుగుదల దశనూ ఉత్పత్తి దశనూ విడదీయడం వంటివి చేస్తాం.

కెరీర్ గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. కీస్లింగ్ నెబ్రాస్కాలో పొలం మీద పెరిగినవాడు. పీహెచ్‌డీ చేసింది కెమికల్ ఇంజనీరింగ్‌లో. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో నోబెల్ గ్రహీత ఆర్థర్ కోర్న్‌బర్గ్ దగ్గర బయోకెమిస్ట్రీ నేర్చుకున్నాడు. బయాలజీ విద్యార్థులు లెక్కలకు భయపడి వదిలేస్తే ఈ రంగంలో సగం దారి మూసుకుపోతుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు నేర్చుకోండి, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. ఇంజనీరింగ్ వాళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చేతులు తడుపుకోవాలి.

చివరిగా మన దగ్గరి పని ఒకటి చెప్తాను. సీజన్‌లో బంగారుపాళెం, దామలచెరువు వైపు వెళ్తే తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. పండు బరువులో మూడో వంతుకు తగ్గకుండా తొక్క, టెంకగా బయటికి పోతుంది. తొక్కలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంది. దాన్ని విడగొడితే గెలాక్ట్యూరోనిక్ ఆమ్లం వస్తుంది. బ్రెడ్డు ఈస్టు దీన్ని సహజంగా తినలేదు. తినే దారి బూజుల నుంచి తెచ్చి పెట్టవచ్చు. కానీ ఈ ఆమ్లం గ్లూకోజ్ కంటే ఎక్కువ ఆక్సీకరణ చెందిన పదార్థం. దాన్ని వాడుకోవడానికి కణానికి అదనంగా ఎలక్ట్రాన్లు కావాలి, అవి ఎక్కడి నుంచి ఇవ్వాలన్నది చూసుకోవాలి. పీహెచ్‌డీకి సరిపడా సమస్య ఇది.

చేయాలనుకునేవాళ్లు ఈ సీజన్ అయిపోకముందే రెండు మూడు ఫ్యాక్టరీల నుంచి తొక్క తెచ్చి, ఎక్కడిది, ఏ తేదీది అని రాసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. తేమ, చక్కెర, పెక్టిన్ ఎంతున్నాయో ముందు కొలవండి. ఈస్టు సంగతి ఆ అంకెలు చేతికొచ్చాక మాట్లాడుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.