ఒక పూట నిలిచే కళ

శ్రోతలకు నమస్కారం.

ధవళేశ్వరం వద్ద గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి, సముద్రంలో కలిసేలోగా తాను మోసుకువచ్చిన ఇసుకను లంకల ఒడ్డున మేట వేస్తుంది. వరద తీసేసరికి ఆ మేటల ఆకారం మారిపోయి ఉంటుంది. అటువంటి నేలపై అక్కడ దొరికే ఆకులు, పుల్లలు, ఇసుకతోనే ఒక రూపాన్ని కూర్చి, దానిని అక్కడే విడిచి, ఛాయాచిత్రాన్ని మాత్రం వెంట తెచ్చుకునే కళను గురించి ఈవేళ మనవి చేస్తాను.

1967లో రిచర్డ్ లాంగ్ అనే ఆంగ్ల కళాకారుడు ఒక పచ్చిక బయలులో గడ్డి అణగి గీతగా కనబడే వరకు అటూ ఇటూ నడిచి, ఆ గీతను ఫొటో తీశాడు. నేడు మనం చూడగలిగేది ఆ ఫొటోనే. ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే మరో ఆంగ్ల కళాకారుడు రాలిన ఆకులను ముళ్ళతో గుచ్చి కలుపుతాడు. బాదం ఆకులతో విస్తళ్ళు కుట్టిన మన పల్లెల వారి చేతులకు ఈ విద్య కొత్తది కాదు.

ఆ బాదం ఆకునే తీసుకోండి. రాలే ముందు అది పసుపుకు, ఎరుపుకు తిరుగుతుంది. రాలినవాటిని ఏరి, లేత పసుపు నుంచి ముదురు ఎరుపు వరకు వరుసగా పేర్చి, అంచు మీద అంచు వేసి, చిన్నగా విరిచిన కొబ్బరి ఈనెతో గుచ్చితే, నిలకడగా ఉన్న కాలువ నీటిపై అది పొడవాటి పట్టీలా తేలుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఫొటో తీస్తే ఆకుల నిగనిగలో రంగు తెల్లబోతుంది కనుక, ఉదయపు ఏటవాలు వెలుతురులోనే తీయాలి. ఇసుక పనికీ అదే వేళ మంచిది: తడి ఇసుక అంచు నిలుస్తుంది, నీడ స్పష్టంగా పడుతుంది, ఎండెక్కితే ఆ అంచే పొడిగా జారిపోతుంది.

పూర్తయిన రూపాన్ని ఒక్కసారి ఫొటో తీసి ఇంటికి వెళ్ళిపోవడం ఈ కళకు అన్యాయమని నా అభిప్రాయం. అంతర్వేది వద్ద పోటు ఎక్కుతున్నప్పుడు, కెమెరాను ఉన్నచోటు నుంచి కదపకుండా, నీరు మొదటి అంచును తాకినది మొదలు ఏమీ మిగలనంత వరకు తీయాలి. ఆవలి ఒడ్డు కొబ్బరితోటలు కనబడేలా దూరం నుంచి కూడా ఒకటి తీయాలి.

మడ చెట్ల కొమ్మలు విరవకండి, ప్లాస్టిక్ దారం వాడకండి. జనవరి మొదలు వేసవి ఆరంభం వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరంలో ఇసుక తవ్వకండి.

ప్రతి ఛాయాచిత్రం వెనుక తేదీ, వేళ, రేవు పేరు, పోటో పాటో రాసి ఉంచండి. వచ్చే వరద తరువాత, ఆ ఏడు ఇసుక మేట ఎంతవరకు ఉండేదో ఆ చిత్రమే చూపుతుంది.