బాల్టిమోర్ టైట్ ఎండ్లు, 2019: సీజన్‌కు ముందు ఏమి చూడాలి?

సభకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఆఫీసు మిత్రులతో కలిసి ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగులు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల అంకెలతో కట్టే ఊహా జట్ల పోటీలు, ఆడేవారు చాలామందే ఉన్నారు. ఆగస్టులో వారి చర్చ వింటే, టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడేవాడి గురించి వినిపించే ప్రశ్న ఒక్కటే: ఈ ఏడాది ఇతను ఎన్ని క్యాచ్‌లు పడతాడు? ఫ్యాంటసీ ఆటకు ఆ ప్రశ్న చాలు. ఒక జట్టు టైట్ ఎండ్లను నిజంగా అంచనా వేయాలంటే మాత్రం, ఆ ముగ్గురూ నలుగురూ కలిసి మైదానంలో ఉన్నప్పుడు ఎదుటి డిఫెన్స్‌కు ఎన్ని చిక్కులు వస్తాయన్నదే ముందుగా చూడాలని నా అభిప్రాయం. దీన్ని అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే బాల్టిమోర్ రేవెన్స్ 2019 నాటి జట్టు ఆధారంగా వివరిస్తాను.

ఆట కొత్తగా చూస్తున్నవారి కోసం రెండు మాటలు. లైన్ మీద నిలబడే ఐదుగురు భారీకాయులకు సాధారణంగా పాస్, అంటే విసిరిన బంతి, అందుకునే హక్కు ఉండదు. వారి పని అడ్డు నిలవడమే. వారి పక్కనే, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌కు ఆ రెండు పనులూ ఉంటాయి: ఒక ఆటలో తనకంటే బరువైన డిఫెన్సివ్ ఎండ్‌ను నెట్టుకుపోవాలి, మరుసటి ఆటలోనే ఇరవై గజాలు పరుగెత్తి బంతి అందుకోవాలి. మన క్రికెట్‌లో వికెట్‌కీపర్‌ను అతను చేసిన పరుగులతోనే తూచి, స్టంప్‌ల వెనక చేసిన పనిని మరచిపోవడం ఎలాంటిదో, టైట్ ఎండ్‌ను క్యాచ్‌లతోనే తూచడం అలాంటిది. స్కోరు పట్టికలో బ్లాకింగ్‌కు, అంటే అడ్డు నిలిచే పనికి, గడి లేదు గనుక, దాన్ని కళ్లతో చూసి తెలుసుకోవలసిందే.

ఇక 2019 ఆగస్టుకు వద్దాం. అప్పటికి బాల్టిమోర్ దగ్గర ముగ్గురు ముఖ్యులున్నారు. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో ఆ జట్టు మొదటి రౌండ్‌లో, 25వ స్థానంలో హేడెన్ హర్స్ట్‌ను తీసుకుంది. అదే డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో, 86వ స్థానంలో మార్క్ ఆండ్రూస్‌ను తీసుకుంది. మూడో మనిషి నిక్ బాయిల్ 2015లో అయిదో రౌండ్‌లో వచ్చినవాడు. డ్రాఫ్ట్ స్థానాన్ని బట్టి వరుస కడితే హర్స్ట్, ఆండ్రూస్, బాయిల్ అని వస్తుంది. 2018 క్యాచ్‌లను బట్టి కడితే 34 క్యాచ్‌లు, 552 గజాలతో ఆండ్రూస్ ముందు, 23 క్యాచ్‌లతో బాయిల్ తరవాత, 13 క్యాచ్‌లతో హర్స్ట్ చివర వస్తారు. అయితే హర్స్ట్ పాదం ఎముకకు పగులు రావడంతో మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడనేలేదు. పైగా అతను పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో బేస్‌బాల్ పిచ్చర్‌గా కొన్నేళ్లు గడిపి, ఆ తరవాత ఫుట్‌బాల్‌కు వచ్చినవాడు కనుక వయసు ఎక్కువ, అనుభవం తక్కువ. అతని 13 క్యాచ్‌లు చూసి తీర్పు చెప్పడం తొందరపాటే అయ్యేది.

ఇంతకంటే నన్ను ఆకర్షించే విషయం బాయిల్ ఒప్పందం. 2015లో బాల్టిమోర్ ఇద్దరు టైట్ ఎండ్లను తీసుకుంది: రెండో రౌండ్‌లో మాక్స్ విలియమ్స్, అయిదో రౌండ్‌లో బాయిల్. నాలుగేళ్ల తరవాత విలియమ్స్ అరిజోనాకు వెళ్లిపోయాడు. అప్పటికి ఒక్క టచ్‌డౌన్ కూడా (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించడం) చేయని బాయిల్‌కు 2019 మార్చిలో మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. టచ్‌డౌన్ లేని మనిషికి ఇంత సొమ్మా అని ఆశ్చర్యపడినవారు ఆ జట్టు ఏ ఆట ఆడబోతోందో గమనించలేదనే అనుకోవాలి. 2018 నవంబరులో లామార్ జాక్సన్ క్వార్టర్‌బ్యాక్ స్థానంలోకి, అంటే ఆట నడిపి బంతి విసిరేవాడి స్థానంలోకి, వచ్చాక ఆ జట్టు ప్రధానంగా పరుగు మీదే, అంటే బంతి విసరడం కంటే పట్టుకుని పరుగెత్తడం మీదే, ఆధారపడింది. 2019 జనవరిలో ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) బాధ్యత అందుకున్న గ్రెగ్ రోమన్ అంతకుముందు అక్కడే టైట్ ఎండ్లకు శిక్షణ ఇచ్చినవాడు. జాక్సన్ బంతిని పట్టుకుని అంచు చుట్టూ తిరిగి పరుగెత్తాలంటే ఆ అంచున ఎవరో ఒకరు నిలబడి తోవ చేయాలి. ఆ పని బాయిల్‌ది.

బ్లాకింగ్ చూడడం కష్టమని చాలామంది అంటారు. నిజానికి అలవాటు లేకపోవడమే తప్ప కష్టం కాదు. బంతి కదిలిన క్షణాన దాని వెంట చూపు పోనివ్వకుండా, లైన్ చివరి మనిషి మొదటి అడుగు మీద నిలపండి. ఆ అడుగు పొట్టిగా, పరుగు సాగే దిక్కుకు పడిందా? చేతులు ఎదుటివాడి భుజాల బయటికి జారాయా, ఛాతీ మీద ఆనాయా? నడుము వంగి మోకాళ్లు కింద ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, ఢీకొన్న తరవాత కాళ్లు ఆగాయా, ఆడుతూనే ఉన్నాయా? సరైన బ్లాకర్‌కు ఢీకొనడం పని మొదలు మాత్రమే; ఎదుటివాణ్ణి పక్కకు తిప్పి, బంతితో పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్ దాటిపోయేదాకా వదలడు. సీజన్‌కు ముందు ఆడే ప్రీసీజన్ సన్నాహక మ్యాచ్‌లలో ఈ నాలుగూ కనిపిస్తాయి. క్యాచ్‌ల లెక్క మాత్రం అక్కడ నమ్మదగినది కాదు. ముఖ్యులు కొద్దిసేపే ఆడతారు, ఎత్తుగడలు దాచిపెడతారు, ఎదుట నిలిచేవారిలో సగం మంది, జట్టు జాబితా తొంభై మంది నుంచి 53 మందికి తగ్గే నాటికి, ఇంటిముఖం పట్టేవారే.

ఆండ్రూస్ సంగతి వేరు. అతను ప్రధానంగా రిసీవర్. ఓక్లహోమాలో దేశంలోని ఉత్తమ కాలేజీ టైట్ ఎండ్‌కు ఇచ్చే మాకీ అవార్డు 2017లో అందుకున్నవాడు. 2018 డిసెంబరులో చార్జర్స్ జట్టు మీద మూడో క్వార్టర్‌లో అతను చేసిన 68 గజాల టచ్‌డౌన్ ఈ జట్టు రహస్యాన్ని ముందే చెప్పింది. పరుగుకు భయపడే లైన్‌బ్యాకర్లు, అంటే డిఫెన్స్ లైన్ వెనక నిలిచేవారు, ముందుకు జరిగితే వారి వెనక మధ్యభాగం ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలో ఆండ్రూస్ ఉంటాడు. ఆ భయం పుట్టించడంలో బాయిల్‌కు వాటా ఉంది. అందుకే ఇద్దరినీ విడివిడిగా వరుస కట్టడం అర్థంలేనిది.

ముగ్గురు టైట్ ఎండ్లు ఒకేసారి దిగితే డిఫెన్స్ ఏం చేయాలి? బరువైన లైన్‌బ్యాకర్లను ఉంచితే ఆండ్రూస్, హర్స్ట్ వారిని దాటిపోతారు. తేలికైన డిఫెన్సివ్ బ్యాక్‌లను దించితే బాయిల్ వారిని లేపి అవతల పెడతాడు. ఈ ఇరకాటమే 2019 ఆగస్టులో లెక్కలోకి రావలసిన అసలు బలం. జట్టులోని వైడ్ రిసీవర్లలో మార్కీస్ బ్రౌన్, మైల్స్ బోయ్‌కిన్ అప్పుడే డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రవాళ్లు కావడం వల్ల కూడా భారం టైట్ ఎండ్ల మీదే పడుతుందని ఊహించవచ్చు.

ఫలితం అందరికీ తెలిసిందే. మొదటి మ్యాచ్‌లోనే మయామీ మీద 59-10 గెలుపు, అందులో ఆండ్రూస్‌కు 8 క్యాచ్‌లు, 108 గజాలు. సీజన్ ముగిసేసరికి ఆండ్రూస్ 64 క్యాచ్‌లు, 852 గజాలు, 10 టచ్‌డౌన్లు, బాయిల్ 31 క్యాచ్‌లు, హర్స్ట్ 30. జట్టు పరుగుతో 3,296 గజాలు సాధించి లీగ్ రికార్డు నెలకొల్పింది, 14 గెలిచి రెండే ఓడింది. ప్లేఆఫ్‌లో టెనెసీ చేతిలో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవడం వేరే ప్రసంగానికి తగిన విషయం. ఆండ్రూస్ ఆ ఏడాది జట్టు ఆఫెన్స్ ఆడిన ఆటల్లో సగం కంటే తక్కువ ఆటల్లోనే మైదానంలో ఉన్నాడని గుర్తుంచుకుంటే, మిగతా ఇద్దరి విలువ తెలుస్తుంది.

2020 మార్చిలో బాల్టిమోర్ హర్స్ట్‌ను, ఒక నాలుగో రౌండ్ ఎంపికను అట్లాంటాకు ఇచ్చి, రెండో రౌండ్, అయిదో రౌండ్ ఎంపికలు తీసుకుంది. ఆ రెండో రౌండ్ ఎంపికతోనే రన్నింగ్‌బ్యాక్ జె.కె. డాబిన్స్ వచ్చాడు. బేరంగా చూస్తే తప్పు పట్టలేం. కానీ 2020 ఆగస్టులో జట్టును అంచనా వేసేవారు ఆండ్రూస్, బాయిల్ ఉన్నారులే అని ఊరుకోకుండా, మూడో స్థానంలో నమ్మదగిన మనిషి ఎవరని అడగవలసింది. నవంబరులో న్యూ ఇంగ్లండ్ మీద ఆడుతూ బాయిల్ మోకాలికి పెద్ద గాయమైంది, సీజన్ మధ్యలోనే అతని ఆట ముగిసింది. పరుగులో జట్టు ఆ ఏడాదీ లీగ్‌లో మొదటి స్థానంలోనే నిలిచింది గానీ, ముగ్గురిని ఒకేసారి దించి ఎదుటివాణ్ణి ఇరకాటంలో పెట్టే పాత వెసులుబాటు పోయింది. ఆ ఖాళీ విషయం జట్టు యాజమాన్యానికీ తెలుసనే అనుకుంటాను. 2022 డ్రాఫ్ట్ వచ్చేసరికి నాలుగో రౌండ్ ఒక్కదానిలోనే చార్లీ కోలార్, ఐజయా లైక్లీ అనే ఇద్దరు టైట్ ఎండ్లను తీసుకున్నారు.