ట్రేకు ఒక్క బత్తాయి

[తెరపై: పంతంగి టోల్‌ప్లాజా, సోమవారం ఉదయం, కార్ల బారు]

నమస్కారం. "ఈ బస్సుల వల్లే రోడ్డంతా జామ్!" నల్గొండ నుంచి హైదరాబాద్‌కు రోజూ కారులో ఒంటరిగా వెళ్లే మిత్రుల నోట ఈ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఈ సంగతి తేల్చేద్దాం.

[బల్ల మీద ప్లాస్టిక్ ట్రే, అందులో ఒకే బత్తాయి]

మార్కెట్‌కు 40 కాయలు పంపాలి. ట్రేకు ఒక్క కాయ పెట్టి 40 ట్రేలు లారీకెక్కిస్తే ఏ రైతైనా ఊరుకుంటాడా? లారీ నిండింది, సరుకు మాత్రం ఒక్క ట్రేకు సరిపడా కూడా లేదు. ఒక్కరే కూర్చున్న కారు ఆ ట్రేయే.

చిన్న కారు పొడవు దాదాపు 4 మీటర్లు. మధ్యన 2 మీటర్ల ఎడం వదిలితే 40 కార్ల బారు సుమారు 240 మీటర్లు. ఆ 40 మందీ ఎక్కే బస్సు 12 మీటర్లు! బరువు కూడా చూడండి. చిన్న కారే 800, 900 కిలోలు తూగుతుంది, మనిషి 65 కిలోలు. కాయ కన్నా ట్రే పన్నెండు రెట్లకు పైగా బరువన్నమాట. మనం పోయించే పెట్రోలు చాలావరకు ట్రేను మోయడానికే.

ఇంతటితో అయిపోలేదు. కాయ దించాక ఆ ట్రే సాయంత్రం దాకా మార్కెట్లోనే చోటు ఆక్రమిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో పొద్దంతా నిలిపిన కార్లు చూడండి. బస్సు అలా కాదు, దించి, మళ్లీ నింపుకొని కదులుతుంది.

"రోడ్డు మధ్యలో ఆపుతారు కదా" అంటారు. ఆపుతారు, నిజమే. స్టాపు ముందు కార్లు నిలిపి ఉంటే డ్రైవర్ బస్సును పక్కకు ఎలా తీస్తాడు? ఇక్కడ తప్పు బస్సుది కాదు, గట్టిగానే చెబుతాను. నలుగురు కూర్చున్న కారుతో, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే కారుతో నాకు పేచీ లేదు. అది నిండిన ట్రే.

సమయం అయిపోతోంది, కారు ఇంట్లో వదిలి వచ్చే దారులు గబగబా చెబుతాను. మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మహబూబ్‌నగర్ వాళ్లకు కాచిగూడ రైళ్లున్నాయి. నల్గొండ నుంచి వచ్చేవారు అమీర్‌పేట, మియాపూర్ వైపు వెళ్లాలంటే ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కండి. మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు, దారిలో ఒక్క సిగ్నల్ దగ్గరా ఆగే పని లేదు.