ఒంటిపూట ఎండ మడిలో ఏ మొక్క పక్కన ఏ మొక్క

పెరటితోట మిత్రులందరికీ నమస్కారం.

నీడలో ఏ మొక్కలు వస్తాయని అడిగేముందు ఆ నీడ ఏ పూటదో తేల్చుకోవాలి. ఇంటికి తూర్పున ఉన్న మడికి పొద్దున నాలుగైదు గంటలు ఎండ తగిలి, మధ్యాహ్నం నుంచి గోడ నీడ పడుతుంది. పడమటి మడికీ గంటల లెక్క అంతే. కానీ వేసవిలో మధ్యాహ్నం మూడింటి ఎండకు గోడ సెగ తోడై లేత ఆకు మాడిపోతుంది. ఉత్తరపు మడి లెక్క కాలాన్నిబట్టి మారుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో ఆ మడికి నేరుగా ఎండ తగులుతుంది. డిసెంబరు ఆఖర్లో పదడుగుల గోడ మిట్టమధ్యాహ్నం కూడా ఎనిమిదిన్నర అడుగుల మేర నీడ పరుస్తుంది. ఒక్కరోజు చూసి మొక్కలు కొనకండి.

ఈరోజు తూర్పు మడినే తీసుకుందాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 4 అడుగులు.

జోడీ కుదర్చడంలో చాలామంది ఎండనే చూస్తారు. నీడ మడిలో మొక్కల్ని ఎక్కువగా చంపేది ఎండ తక్కువవడం కాదు, తడి ఆరకపోవడం. అందుకే ముందు దాహం కలవాలి, ఆ తర్వాతే ఎత్తు, కాలం. పసుపు, చేమ రెండూ నీడను ఓర్చుకుంటాయి, రెండూ దుంపలే. అయినా పక్కపక్కన పెట్టకూడదు. చేమకు నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. ఆ తడిలో పసుపుకు దుంప కుళ్ళు వస్తుంది. చేమను కుళాయి నీళ్ళు జారే చోటుకు పంపి, పక్కన పొన్నగంటి పెట్టండి. పుదీనా కూడా అక్కడ బాగుంటుంది. అయితే అడుగు కోసేసిన పాత బకెట్‌ను అంచు రెండు అంగుళాలు పైకి ఉండేలా పాతి, అందులో పెట్టాలి. లేకపోతే పిలకలతో పాకి పొన్నగంటిని కమ్మేస్తుంది.

మన మడికి ప్రధాన పంట పసుపు. మేలోనే 9 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రపు పొడి) కలిపి, తడి చిలకరించి, గోనెపట్టా కప్పి పది రోజులు నీడలో ఉంచండి. అది మడికంతా సరిపోతుంది. మడిని ఆరంగుళాలు ఎత్తు చేయండి. గోడ పక్క అడుగు ఖాళీ వదిలితే పునాదికి తడి తగలదు, గాలీ ఆడుతుంది. జూన్‌లో అడుగు ఎడంతో రెండు వరుసలు, వరుసలో 9 అంగుళాలకొక కొమ్ము, రెండంగుళాల లోతులో. మొత్తం 26 కొమ్ములు పడతాయి. కొమ్ము 30 గ్రాములనుకుంటే 800 గ్రాముల విత్తనం చాలు.

పసుపు మొలక పైకి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ ఖాళీలో చెంచాడు తోటకూర విత్తనాన్ని గుప్పెడు ఇసుకతో కలిపి చల్లండి. నెల తిరిగేసరికి వేళ్ళతో సహా పీకేయాలి. కోసి మొదళ్ళు వదిలేస్తే అవి మళ్ళీ చిగిర్చి, అప్పుడే లేస్తున్న పసుపుతో పోటీపడతాయి. ఎండుటాకులు రెండంగుళాల మందాన పరవడం తోటకూర తీశాకే. ముందే పరిస్తే గింజ మొలవదు.

తూర్పు అంచున కనకాంబరం అందంగా ఉంటుంది, సగం నీడలోనూ పూస్తుంది. ఒక్క జాగ్రత్త: పసుపుకూ దానికీ వేళ్ళమీద బుడిపెలు కట్టించే నులిపురుగులు పడతాయి. పీకిన తోటకూర వేళ్ళు కడిగి చూడండి. బుడిపెలుంటే కనకాంబరం మానేయండి. మూలకొక బంతి మొక్క పెడితే నులిపురుగులు పోతాయన్నది నిజం కాదు. బంతి మడి నిండా ఒత్తుగా రెండు మూడు నెలలు పెరిగితేనే ఫలితం, దానికి ఐదారు గంటల ఎండ కావాలి.

పసుపు బదులు అల్లం వేసుకోవచ్చు, అదీ ఈ నీడకు సరిపోతుంది. కానీ టమాటా, వంగ, మిరప పక్కన వద్దు, అవి తీసిన మట్టిలోనూ వద్దు. వీటన్నిటినీ బాక్టీరియా ఎండు తెగులు పట్టుకుంటుంది. అనుమానమొస్తే వాడిన కాండాన్ని అడ్డంగా కోసి, గాజు గ్లాసులోని నీళ్ళలో నిలబెట్టండి. కాసేపట్లో పాలలాంటి దారాలు దిగితే అదే. ఆ మొక్కను మట్టితో సహా తీసి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు.

గోడ కాకుండా మామిడి చెట్టు నీడ అయితే లెక్క మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మామిడి వేళ్ళకు తడి తగ్గితేనే పూత బాగా వస్తుంది. ఆ నెలల్లో రోజూ నీళ్ళడిగే ఆకుకూరలు దాని కింద పెట్టకండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోయకండి, లోతుగా తవ్వకండి.

మళ్ళీ పసుపు మడికి వస్తే, దుగ్గిరాల, మైదుకూరు పసుపు రకాలు తొమ్మిది నెలలు తీసుకుంటాయి. ఆకులు పూర్తిగా ఎండాక ఫిబ్రవరి, మార్చిల్లో తవ్వుతారు. ఖాళీ అయిన మడిలో వెంటనే కొత్తిమీర, పాలకూర చల్లండి. మధ్యాహ్నపు నీడ ఉంటే వేసవిలో కొత్తిమీర తొందరగా పూతకు పోదు. విత్తనం పసుపును మాత్రం వచ్చే జూన్‌లో వేరే మడికి మార్చండి.