గీత గీసేది ఎవరు?

అందరికీ నమస్కారం.

అడవి పటం అంటే మనకు తెలిసింది ఆకుపచ్చ రంగు పూసిన కాగితం. ఎన్ని హెక్టార్లు, ఏ రకం కలప, హద్దు ఎక్కడ అన్నంత వరకే అది చెబుతుంది. ఏ చెట్టు మీది తేనె ఏ కుటుంబానిది, ఏ గుట్ట మీద గొడ్డలి పడకూడదు, ఏ వాగులో ఎప్పుడు చేపలు పట్టకూడదు అన్నవి అందులో ఉండవు. ఉండకపోతే ఏం పోయిందంటారా? నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఆ కాగితమే చూస్తారు. అందులో కనిపించని మనుషులు అక్కడ లేరనే లెక్క కడతారు.

అందుకే ఆదివాసులు తామే పటాలు గీయడం మొదలుపెట్టారు. పెద్ద ఎత్తున జరిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి అడవిలో కాదు, మంచులో. 1970ల్లో కెనడా ఉత్తర ప్రాంతంలో ఇన్యూట్ వేటగాళ్లు తాము జీవితకాలంలో ఎక్కడెక్కడ వేటాడారో, ఎక్కడ విడిది చేశారో పటాల మీద గీశారు. అవన్నీ ఒకచోట పేరిస్తే, ఖాళీ అనుకున్న నేలంతా మనుషుల జాడలే! 1976లో అచ్చయిన ఆ పని భూమి హక్కుల చర్చలకు ఆధారమైంది. 1999లో కెనడాలో ఇన్యూట్‌లు ఎక్కువగా ఉండే నూనావుట్ అనే భూభాగం ఏర్పడటం వెనక ఆ గీతలు కూడా ఉన్నాయి.

అడవుల్లో ఈ పని ఎలా చేస్తారో కాస్త వివరంగా చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. కాగితం మీది ఎత్తుపల్లాల గీతలు చూసి కొండను ఊహించుకోవడం అలవాటు లేనివాళ్లకు కష్టం. అందుకని ఒక్కో ఎత్తుకు ఒక్కో అట్ట కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, కొండలూ లోయలూ ఉన్న నమూనా తయారుచేస్తారు. దాన్ని ఊరి మధ్యలో పెడితే, చదువురాని ముసలివాళ్లు కూడా తమ వాగు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తారు. ఊటలకూ ఇళ్లకూ గుండుసూదులు, బాటలకూ హద్దులకూ ఊలుదారం, అడవికీ చేలకూ రంగులు. ఏ గుర్తు దేనికన్నది ముందే ఊరంతా కూర్చుని తేల్చుకుంటుంది. కెన్యాలోని మావు అడవిలో తేనె సేకరించి బతికే ఓగియెక్ ప్రజలు 2006లో ఇలాంటి నమూనానే చేశారు.

ఊలుదారంలో ఒక సుఖం ఉంది. పొరుగూరివాళ్లు వచ్చి "హద్దు ఇక్కడ కాదు, ఆ మర్రి దగ్గర" అంటే సూది పీకి దారం జరపొచ్చు. ఆ జరపడానికి ముందు గంటల తరబడి వాదన నడుస్తుంది చూడండి, నా దృష్టిలో అడవి నిర్వహణ అంటే అదే. ఎవరు ఎక్కడ ఎంత కోసుకోవచ్చు, ఏ వాలు ఎన్నేళ్లు బీడు ఉంచాలి, మంటలు లేస్తే ముందు ఎవరు పరుగెత్తాలి, అన్నీ ఆ వాదనలోనే బయటికొస్తాయి. మగవాళ్లే కూర్చుంటే మాత్రం సగం పటమే తయారవుతుంది. దుంపలు, మందుమొక్కలు, నీళ్ల దారులు ఆడవాళ్లు వచ్చి చెబితేగానీ ఎక్కవు.

పటానికి బలం ఉందనడానికి సాక్ష్యం కావాలా? మలేసియాలోని సరవాక్‌లో 2001లో ఇబాన్ అనే ఆదివాసుల గ్రామం ఒకటి తాను గీసుకున్న పటాన్ని కూడా ఆధారంగా చూపి హైకోర్టులో కేసు గెలిచింది. ఆ ఏడాదే అక్కడ సర్వేయర్ల చట్టం వచ్చింది. లైసెన్సు లేనివాళ్లు భూమి సర్వే చేస్తే నేరమంది! తర్వాత పై కోర్టులో ఆ గ్రామం ఓడిపోయింది కూడా. ఇండోనేషియాలో కథ ఇంకోలా నడిచింది. ఆచార అడవులు, అంటే ఆదివాసులు తమ ఆచారం ప్రకారం చూసుకుంటూ వస్తున్న అడవులు, ప్రభుత్వ అడవులు కావని రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. కానీ ప్రభుత్వం తొలి గుర్తింపు పత్రాలు ఇచ్చింది 2016 డిసెంబరులో, అదీ తొమ్మిది అడవులకే.

పటం ఉంటే చాలనుకోవద్దు. బ్రెజిల్ అమెజాన్‌లో సురుయి ప్రజలు గూగుల్‌తో చేతులు కలిపి, ఫోన్లతో దొంగ నరుకుడును నమోదు చేశారు. అడవిని కాపాడి, గాలిలోకి పోకుండా ఆపిన కార్బన్‌కు లెక్కగట్టి ఇచ్చే కార్బన్ క్రెడిట్లు కూడా అమ్మారు. అయినా అక్రమ గనుల తవ్వకం, నరుకుడు ఆగలేదు. 2018లో ఆ కార్బన్ పథకం ఆగిపోయింది. నరుకుడు ఎక్కడ జరుగుతోందో పటం చూపగలదు. నరికేవాణ్ని ఆపాల్సింది మాత్రం ప్రభుత్వం.

ఇంకో ప్రమాదం పటంలోనే ఉంది. దేవతల చోట్లు, అరుదైన మూలికలు దొరికే చోట్లు ఒకసారి ఇంటర్నెట్‌లోకి ఎక్కితే, దారి అందరికీ తెలిసిపోతుంది. వాటిని గీయకుండా వదిలేసే ఊళ్లున్నాయి. బయటి నిపుణులు దాన్ని లోపమంటారు. నేనైతే తెలివి అంటాను.

కాబట్టి జీపీఎస్ పట్టుకుని ఎవరైనా వస్తే, తొలి పాయింటు తీసుకోకముందే ఒక ఒప్పందం రాయించుకోవాలి. అసలు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి చూపాలన్నా ఎవరి అనుమతి కావాలి, గీతలు మార్చే హక్కు ఎవరిది, నిధులు అయిపోయి సంస్థ వెళ్లిపోతే ఆ కంప్యూటరు తెరవడం ఊళ్లో ఎవరికి నేర్పి వెళ్తారు. వీటికి జవాబు రాకపోతే ఆ రోజుకు వాళ్లను వెనక్కి పంపేయొచ్చు.