పొద్దున ఆరింటి పని క్రాన్‌కి అప్పగిద్దాం

నమస్తే అండి. రోజూ పొద్దున ఆరింటికి ఒకే వెబ్ పేజీ తెరిచి కాపీ దాచుకునే పని మీకుందనుకోండి. దానికోసం నిద్ర లేవక్కర్లేదు, లినక్స్‌లో క్రాన్ ఉంది, చెప్పిన టైమ్‌కి పనులు తనే నడిపే ప్రోగ్రామ్. 1979 నాటి యునిక్స్ ఏడో వెర్షన్ నుంచి ఇదే పని చేస్తున్న పాతకాపు.

టెర్మినల్‌లో క్రాన్‌టాబ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, ఇంగ్లిష్ అక్షరం e కొట్టండి. ఎడిటర్ ఏది కావాలని అడిగితే నానో అనండి. కొత్త లైన్‌లో ముందు ఐదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో ఏ రోజు. స్క్రీన్ మీద చూడండి: సున్నా, ఆరు, తర్వాత మూడు స్టార్లు. అంటే రోజూ సరిగ్గా ఆరింటికి.

ఆ సున్నా దగ్గర జాగ్రత్త. మొదట్లో నేను అక్కడ కూడా స్టార్ పెట్టాను. స్టార్ అంటే 'ప్రతి' అని కదా! ఆరింటి నుంచి నిమిషానికోసారి, మొత్తం 60 సార్లు పోయి ఆ సైట్ తలుపు తట్టింది. వాళ్లు నా ఐపీని బ్లాక్ చేశారు. తప్పు నాదే, ఎవరిని అంటాం?

గడుల తర్వాత మీ స్క్రిప్ట్ పేరు, అంటే పేజీ కాపీ దాచే కమాండ్లు రాసుకున్న ఫైల్ పేరు. ఉత్త పేరు చాలదు, స్లాష్ హోమ్ నుంచి మొత్తం పాత్ రాయాలి. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ క్రాన్‌లో మొరాయిస్తే చాలాసార్లు కారణం ఇదే. మీ టెర్మినల్ సెట్టింగులు క్రాన్‌కి తెలియవు. మామూలుగా అది వెతికేది యూఎస్ఆర్ బిన్, బిన్ అనే రెండు ఫోల్డర్లలోనే. మీ హోమ్ ఫోల్డర్‌లో వేసుకున్న పైథాన్ దానికి కనిపించదు.

ఇంకోటి. ఈ లైన్‌లో పర్సెంట్ గుర్తు వాడితే క్రాన్ దాన్ని కొత్త లైన్ అనుకుంటుంది. ఫైల్ పేరులో తేదీ కావాలంటే ఆ కమాండ్‌ని స్క్రిప్ట్‌లోనే రాసుకోండి.

అద్దె సర్వర్ అయితే ముందు డేట్ అని కొట్టి చూడండి. టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. అప్పుడు మన ఆరింటికి రాయాల్సింది నిమిషం 30, గంట 0. ల్యాప్‌టాప్ అయితే ఆరింటికి ఆన్‌లో ఉండాలి. మూసి ఉంటే క్రాన్ ఆ రోజు పని వదిలేస్తుంది, లేచాక మళ్లీ చేయదు. అలాంటి మెషీన్‌కి, తప్పిపోయిన పనిని ఆన్ అయ్యాక చేసే అనాక్రాన్ నయం.

లైన్ చివర్లో రెండు గ్రేటర్‌దాన్ గుర్తులు పెట్టి లాగ్ ఫైల్ పాత్ ఇచ్చాను, స్క్రిప్ట్ చెప్పేదంతా ఆ ఫైల్‌లో చేరుతుంది. రేపటిదాకా ఎందుకు, రెండు నిమిషాల తర్వాతి టైమ్ పెట్టి చూద్దాం... ఆ, లాగ్‌లో పడింది. ఇక సున్నా, ఆరు మళ్లీ పెట్టేసి సేవ్ చేయండి.