ఆకు పొడే కదా, దానికి పర్మిషన్ ఏటి అంటారా?

అందరికీ నమస్కారమండి. గుణుపురం నుంచి ఒక అన్నయ్య ఫోన్ చేశారు, ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి బరంపురం షాపులకి వేస్తారట, అడవి ఆకు నుంచి తీసిన పొడి ఒకటి కలిపితే నూనె మక్కిన వాసన రావట్లేదంట, నాచురలే కదా తమ్ముడూ దీనికి పర్మిషన్ ఏటి అని అడిగారు. ఈ డౌట్ మన వైపు చాలామందికి ఉంది.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. ఏ పదార్థం, ఏ తిండిలో, కిలోకి ఎంత, ఈ మూడూ కలిపి చూసే పర్మిషన్ ఇస్తారు. టార్ట్రజీన్ అని పసుపు రంగు ఉంది కదా, మన దేశంలో ఒప్పుకున్న 8 సింథటిక్ రంగుల్లో అదొకటి, మిఠాయిలో అయితే కిలోకి 100 మిల్లీగ్రాముల లోపు వేసుకోవచ్చు, అదే రంగు పసుపు పొడిలో చిటికెడు వేసినా తప్పే. మన దేశంలో తిండి రూల్స్ పెట్టే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ 2011 రెగ్యులేషన్స్ వెనక అపెండిక్స్ ఎ అని పెద్ద టేబుల్ ఉంటాది, మీ తిండి ఏ కేటగిరీయో చూసి అందులో ఆ పేరు వెతకండి. పేరే ఎక్కడా లేదంటే అది కొత్త యాడిటివ్ (తిండిలో రంగుకో, రుచికో, నిల్వకో కలిపే పదార్థం) కింద లెక్క, 2017 లో వచ్చిన నాన్ స్పెసిఫైడ్ ఫుడ్ రెగ్యులేషన్స్ ప్రకారం అప్లికేషన్ పెట్టుకోవాలి.

ఫీజు 50,000 రూపాయలు. అందరూ దానికే భయపడిపోతారు గానీ అసలు ఖర్చంతా డేటాకి అవుతాదండి. జంతువుల మీద నెలల తరబడి టెస్టులు చేసి, ఎంత వరకు పెడితే ఏ హానీ కనపడలేదో ఆ మోతాదు పట్టుకుని, మనిషికి రోజుకి ఎంత దాటకూడదో తేల్చడానికి మామూలుగా దాన్ని 100 తో భాగిస్తారు. జంతువుకీ మనిషికీ తేడా ఉంటాది కాబట్టి ఒక 10, మనుషుల్లోనే పిల్లలు, ముసలాళ్ళు, జబ్బున్నోళ్ళు ఉంటారు కాబట్టి ఇంకో 10. స్టీవియా ఆకు నుంచి తీసే తీపి తెలుసు కదా, ఐక్యరాజ్యసమితి సంస్థలు ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ కలిసి నడిపే జెక్ఫా అనే నిపుణుల కమిటీ 2008 లో దానికి ఒంటి బరువు కిలోకి రోజుకి 4 మిల్లీగ్రాములు దాటకూడదని ఖాయం చేసింది, ఆ తీపిలోని మూల పదార్థం స్టీవియోల్ లెక్కలో. అంటే 15 కిలోల పిల్లకి 60 మిల్లీగ్రాములే. మన దగ్గర 2015 లో ఒప్పుకున్నారు. అది కూడా 95 శాతం ప్యూరిటీతో తీసిన దానికండి, పెరట్లో ఆకు ఎండబెట్టి దంచిన పొడి గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు. అన్నయ్య గారి పొడికీ అదే సమస్య, ఏ ఆకు, దేంతో తీశారు, ఈ బ్యాచ్ కీ పోయిన బ్యాచ్ కీ తేడా ఎంత, అమ్మినాయన దగ్గర ఒక్క కాగితం లేదు.

ఒకసారి లిస్టులోకి ఎక్కితే ఇంక తిరుగులేదనీ అనుకోకండి, బ్రెడ్ పిండిలో వేసే పొటాషియం బ్రోమేట్ ని 2016 లో తీసేశారు, అప్పటిదాకా అది చట్టప్రకారం వాడిందే.

మరి ఇంత డేటా ఇంట్లో పచ్చళ్ళు పెట్టేవాళ్ళు ఎక్కడ తెస్తారు? తేలేరు. పెద్ద కంపెనీకి అయ్యే పని. అలాగని రూల్ సడలించమని నేను అడగను, తినేది మన పిల్లలే. కానీ రాయగడ, గజపతి, కొరాపుట్ కొండల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న ఆకులు, గింజలు ఉన్నాయి, వాటికి టెస్టులు గవర్నమెంట్ డబ్బుతోనే జరగాలి, మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ, హైదరాబాద్ ఎన్ఐఎన్ లాంటి గవర్నమెంట్ తిండి పరిశోధన సంస్థలు ఉన్నది ఇలాంటి పనులకి కాకపోతే ఇంక దేనికండీ, డేటా అందరికీ ఇస్తే చిన్నవాళ్ళు కూడా బతుకుతారు.

అన్నయ్యా, ప్రస్తుతానికి ఆ పొడి ఆపెయ్యండి. తాజా నూనె వాడండి, జాడీలో గాలి ఖాళీ లేకుండా నింపండి, ఎండ తగలనివ్వకండి, నూనె మక్కడం చాలా వరకు అక్కడే తగ్గుతాది. ఇంకా ఏదైనా కలపాల్సి వస్తే కొనే ముందు ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ నంబరు (యాడిటివ్ కి అంతర్జాతీయంగా ఇచ్చే గుర్తు నంబరు), అమ్మేవాళ్ళ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు చూడండి, ఆ రెండూ లేకపోతే కొనకండి.